మశూచికి రాజమర్యాదలు

భూమి మీద మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సభ 1980 మే 8న ప్రకటించింది. అయితే దాన్ని నిశ్శేషంగా తుడిచిపెట్టడం మర్యాద కాదు గనుక, అమెరికా అట్లాంటాలోనూ, రష్యా కోల్త్సొవోలోనూ ఆ వైరస్‌ను కట్టుదిట్టమైన కాపలా నడుమ నేటికీ పోషిస్తున్నాయి. ధ్వంసం చేయడానికి 1993 అన్నారు, 1995 అన్నారు, 1999 అన్నారు; ముహూర్తం కుదరలేదు.

కారణం సమంజసమైనదే. ఏ దుండగుడైనా మశూచిని ఆయుధంగా ప్రయోగిస్తే ప్రజలను కాపాడుకోవద్దా? అందుకు టీకా కావాలి. ఆ టీకాను మశూచి వైరస్‌తో కాక, దాని దగ్గరి బంధువైన వాక్సీనియా అనే వైరస్‌తో తయారుచేస్తారన్న చిన్న విషయాన్ని ఇక్కడ ఎత్తడం సభ్యత కాదు. కొత్త మందులను పరీక్షించడానికి అసలు వైరస్ కావాలంటున్నారు, ఒప్పుకుందాం.

ఇంతకీ ఆ దుండగుడెవరు? మశూచిని నిర్మూలిద్దామని 1958లో ప్రపంచానికి ప్రతిపాదించి, మన దేశానికి కోట్ల మోతాదుల టీకా ఉదారంగా పంపిన సోవియట్ యూనియనే, తర్వాతి కాలంలో అదే మశూచిని ఆయుధంగా టన్నుల లెక్కన తయారుచేసింది. జీవాయుధాలను నిషేధించే 1972 ఒప్పందం మీద సంతకం మాత్రం పద్ధతిగానే పెట్టింది.

అమెరికా వారి అనుభవం ఇంకా ముచ్చటైనది. 2001లో ఉత్తరాల ద్వారా వచ్చిన ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక బాక్టీరియా ఐదుగురిని బలిగొన్నది. ఏళ్ల తరబడి వెతికిన అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, సొంత సైన్యపు ప్రయోగశాలలో ఆంత్రాక్స్ టీకా మీద పనిచేసిన శాస్త్రవేత్తే ఆ పని చేశాడని తేల్చింది. విచారణ జరగకముందే ఆయన మరణించాడు గనుక కోర్టు చెప్పవలసిన మాట చెప్పనే లేదు. ఈలోగా 2003లో, మశూచి దాడి జరగవచ్చునన్న భయంతో సుమారు ఐదు లక్షల మంది వైద్య సిబ్బందికి టీకా వేయాలని ప్రభుత్వం సంకల్పిస్తే, వేయించుకున్నవారు నలభై వేల లోపే. లేని జబ్బు కోసం, ఆ టీకా వల్ల అరుదుగా వచ్చే గుండె వాపును తెచ్చుకోవడానికి వైద్యులే వెనుకాడారంటే వారిలో దేశభక్తి ఎంత సన్నగిల్లిందో చూడండి.

ఇక 2014లో, అమెరికాలోనే బెథెస్డా పట్టణంలోని ప్రభుత్వ ఆవరణలో ఒక ప్రయోగశాలను ఖాళీ చేస్తుండగా, శీతల గదిలోని అట్టపెట్టెలో దశాబ్దాల నాటి మశూచి సీసాలు ఆరు బయటపడ్డాయి. పరీక్షించగా రెండింటిలో వైరస్ బతికే ఉంది. కాగితాలు సరిగా లేని ఈ మశూచిని మాత్రం ఏ చర్చా, ఏ వాయిదా లేకుండా ధ్వంసం చేశారు.