గిట్ గారికి, 186 ఫైళ్ల నకిలీ రచయిత రాయునది

కోడ్‌లో ప్రతి మార్పునీ ఎవరు, ఎప్పుడు చేశారో గుర్తుపెట్టుకునే గిట్ గారికి నమస్కరించి రాయునది.

తమరు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం కాదు. ఈరోజు మధ్యాహ్నమంతా ఒక్క లైను కోడ్ మీద పోయింది. మొత్తం సున్నా అయితే ఏమీ చేయకుండా వెనక్కి వచ్చేసే ఒక ఇఫ్ షరతు. అది ఎందుకుందో టీమ్‌లో ఎవరికీ తెలియదు. తీసేస్తే ఏమవుతుందో అసలే తెలియదు. సరే, రాసినవాళ్లనే అడుగుదామని, ఏ లైను ఎవరు రాశారో చెప్పే తమరి బ్లేమ్ కమాండ్ కొట్టాను. తమరు నా పేరు చెప్పారు. కింది లైనుకీ నా పేరే. 186 ఫైళ్లలో ప్రతి లైనుకీ నా పేరే, అన్నీ ఒకే రోజు, ఒకే నిమిషంలో. అంత వేగంగా రాయగలిగితే నాకు ఈ టెన్షన్ ఎందుకండీ?

నేను చేసిన నేరమల్లా పాత ప్యాకేజీని, అంటే ఆ ఫైళ్ల కట్టని, కాపీ చేసి కొత్త పేరు పెట్టడం. పాతదాన్ని వాడేవాళ్లు ఇంకా ఉన్నారని రెండు వారాలు ఉంచి, తర్వాత తీసేశాను. అదే తప్పయింది. తీసేయడం, పెట్టడం ఒకే కమిట్‌లో (ఒకేసారి భద్రపరిచే మార్పుల మూటలో) ఉంటే తమరు రెండింటినీ పక్కపక్కన పెట్టి, 50 శాతం కలిస్తే 'పేరు మారింది కాబోలు' అని ఊహిస్తారట. ఊహ! హిస్టరీ భద్రంగా ఉంచమని పెట్టుకున్నది తమరినే కదా? 2005లో తమరు పుట్టినప్పుడే, పేరు మార్పులు రాసిపెట్టుకోనక్కర్లేదని తమరిని సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ గారు తేల్చేశారు. మరి పేరు మార్చడానికి గిట్ ఎంవీ అనే కమాండ్ ఎందుకు పెట్టారు, మా తృప్తి కోసమా? అదీ లోపల తీసేసి మళ్లీ పెట్టడమే. తమరికంటే ముందు నుంచీ ఇదే పని చేస్తున్న, అందరూ వెక్కిరించే ఆ ముసలి సబ్‌వర్షన్ కూడా, దాని కమాండ్‌తో కాపీ చేస్తే ఎక్కడి నుంచి, ఏ రివిజన్ నుంచి అన్నది రాసిపెట్టుకుంటుంది.

పాత మార్పులు చూపే లాగ్ కమాండ్‌కి, పేరు మారినా వెంట రమ్మనే ఫాలో తగిలిస్తే ఒక్క ఫైలు వెంటే వస్తారు. ఫోల్డర్ మొత్తం అంటే రారు. ఇక పేరు మార్పు ఒక కమిట్‌గా, లోపలి మార్పులు ఇంకో కమిట్‌గా ఒద్దికగా విడదీసి పెడితే రెండింటినీ ముద్ద చేసే స్క్వాష్ బటన్‌కి వేరే ఉత్తరం రాస్తాను.

సాయంత్రం బ్లేమ్‌కి, కాపీ అయిన లైన్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతకమనే మైనస్ సి (పెద్ద అక్షరం సి) తగిలించి అడిగాను. పలకలేదు. అదే మైనస్ సి వరసగా రెండుసార్లు పెట్టాను. అప్పుడు తీరిగ్గా అసలు మనిషి పేరు, ఏడేళ్ల కిందటి తేదీ బయటికొచ్చాయి. ఆ కమిట్ మెసేజ్‌లో నాలుగే లైన్లు: సున్నా పంపితే అవతలి సిస్టమ్ దాన్ని రద్దు కింద లెక్కేసుకుంటోందని, అందుకే ఈ ఇఫ్ అని.

అంటే అంతా నీ కడుపులోనే ఉంది! ఒక్క అక్షరం పోలేదు. రెండుసార్లు తలుపు కొడితే గానీ నోరు విప్పవా? మొదటిసారే చెబితే నీ సొమ్మేం పోయింది? నాకు నాలుగు గంటలు పోయాయి!

ఆ లైను తీయలేదు. కారణం దాని పైనే కామెంట్‌గా రాసి కమిట్ చేశాను. ఆ కామెంట్ మాత్రం నిజంగా నేనే రాశాను, నమోదు చేసుకో.

ఇట్లు,
తమరు అంటగట్టిన రచయిత