గంగిరెద్దు పక్కన కస్తూరి ఎద్దు

మొన్నటి సంక్రాంతి ముగ్గుల పోటీ మీకు గుర్తుండే ఉంటుంది. మా పన్నెండేళ్ల అమ్మాయి గొబ్బెమ్మల మధ్య నేలను తాకే జూలు, బుగ్గల మీదుగా దిగి కొసలు పైకి తిరిగిన కొమ్ములు ఉన్న జంతువును అట్ట మీద ముగ్గుగా వేసింది. "గంగిరెద్దును వేయమంటే ఈ ఎలుగుబంటి ఏమిటమ్మా? ఇది మన సంస్కృతి కాదు" అని న్యాయనిర్ణేత ఒకరు ఆ అట్టను పక్కన పెట్టేశారు. అది కస్తూరి ఎద్దు. పేరుకే ఎద్దు, నిజానికి గొర్రెకూ మేకకూ దగ్గరి చుట్టం. కాబట్టి ఎద్దు కాదన్నంతవరకు ఆయన మాట ఒప్పే.

పోయిన వసంతంలో ఇక్కడ అలాస్కాలోనే, పామర్ అనే ఊళ్లో వాటిని పెంచే చోటికి వెళ్లాం. ఒకదాన్ని చట్రంలో నిలబెట్టి వెడల్పాటి పళ్ల దువ్వెనతో దువ్వుతున్నారు. పొడుగు వెంట్రుకల అడుగునుంచి కివియట్ అనే మెత్తని ఉన్ని తెరలు తెరలుగా ఊడివస్తోంది. ఏడాదికి ఒక్కోదానికి రెండు మూడు కిలోలు. గుప్పెడు నా చేతిలో పెట్టారు. బరువే లేదు, కానీ నిమిషంలో అరచెయ్యి వెచ్చబడింది. మా నాయనమ్మ వత్తుల కోసం గింజలు తీసి ఏకిన దూది గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు. అమ్మాయి ముగ్గు అక్కడే పుట్టింది.

తోడేళ్లు వస్తే ఇవి దూడలను నడుమ పెట్టుకుని, కొమ్ములు బయటికి చూపి వలయంగా నిలబడతాయి. మన సభలో మాత్రం ఆ రోజు పెద్దలు లోపల, పిల్ల బయట. పైగా ఆ వలయం తోడేళ్లకే సరి, తుపాకికి కాదు. కదలకుండా నిలబడే మందను కాల్చడం ఎంతసేపు? పందొమ్మిదో శతాబ్దంలోనే అలాస్కాలో ఇవి తుడిచిపెట్టుకుపోయాయి. 1930లో గ్రీన్‌లాండ్ నుంచి 34 తెచ్చారు. నార్వే, న్యూయార్క్, సియాటిల్ మీదుగా ఓడలూ రైళ్లూ మారి ఫెయిర్‌బ్యాంక్స్ చేరాయి. మూడు విమానాలు మారామని గొప్పలు చెప్పుకునే మనం వాటి ముందు ఎంత!

గంగిరెద్దు లేని సంక్రాంతి నాకూ వెలితే. కాని నిజం చెప్పాలంటే, ఊళ్లో సన్నాయి వినపడగానే డబ్బులడుగుతాడని తలుపు వేసుకున్న ఇల్లు మాది. ఇంత దూరం వచ్చాక ఆ ఎద్దు మీద పుట్టుకొచ్చిన ప్రేమతో పసిపిల్లను చిన్నబుచ్చడం నాకు మింగుడు పడటం లేదు.

కమిటీ పెద్దలూ, వచ్చే ఏడాది ప్రకటనలో "గంగిరెద్దు, లేదా మీరు చూసిన ఏ పశువైనా" అని ఒక్క మాట చేర్చండి. ముగ్గుపిండి నేను తెస్తాను.