గుండుసూది తీసేసి మాట్లాడండి

పాడ్‌కాస్టుల్లో మూడేసి గంటలు కబుర్లు చెప్పుకునే కుర్రకారుకి ఇంటర్వ్యూ అంటే ఏమిటో తెలీదు. ఇంటర్వ్యూ అంటే పదిహేను నిమిషాలు. నమస్కారాలకి రెండు, జననం, విద్యాభ్యాసాలకి ఆరు, ‘మిమ్మల్ని ప్రభావితం చేసినవారి’కి నాలుగు. మిగిలిన మూడింట్లో సాహిత్యాన్ని సర్దాలి. అంతకన్నా చనువిస్తే అది నెత్తికెక్కుతుంది.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైన దగ్గర్నుంచీ మన ఆకాశవాణి ఈ విద్యకు సాన పడుతూనే ఉంది. ప్రశ్నలు ముందే రాసుకుంటారు. జవాబులు కూడా. ‘మీ నవలలో పల్లె జీవితాన్ని ఎంతో సహజంగా, హృద్యంగా చిత్రించారు కదండీ?’ అంటే ‘అవునండీ’ అంటే సరి. సమీక్ష, సన్మానపత్రం ప్రశ్నలోనే అయిపోయాయి.

అసలు కష్టమంతా కాగితాలతోనే. స్టూడియోలోకి వెళ్ళేముందు వాటికున్న గుండుసూది తీసెయ్యాలి. ఎర్రదీపం వెలిగాక, చదివేసిన కాగితాన్ని తిప్పకూడదు, ఎత్తకూడదు, ఊపిరి బిగబట్టి పక్కకి జరపాలి. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కచోట సర్రుమంటుంది. రచయిత ‘అప్పటికప్పుడు తోచింది చెప్తానండీ’ అన్నది సరిగ్గా అక్కడే.

ముందే రాసుకోవడం ఎందుకని అడక్కండి. ప్రసార నియమావళి అని ఒకటుంది. మిత్రదేశాలను విమర్శించరాదు, మతాల మీద దాడి చెయ్యరాదు, రాష్ట్రపతి, గవర్నర్లు, న్యాయస్థానాల నిజాయితీని శంకించరాదు. కవి అన్నవాడు ఈ పనులన్నీ ఒక్క పద్యంలో చేసి కూచుంటాడు. అందుకని అతన్ని చిన్నప్పటి ఊరి చెరువు గురించి అడగడం క్షేమం. చెరువు మిత్రదేశం కాదు.

చిత్రకారులొస్తే ‘ఈ బొమ్మలో నీలం ఎందుకు వాడారు?’ అంటారు. ఏ బొమ్మండీ?

ఇక యంత్రాలు కనిపెట్టినవాళ్ళు. పోచంపల్లి చీరకి ఆసు పోస్తూ, అంటే మేకుల మీదుగా దారం చుడుతూ, అమ్మ చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగడం చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి మనిషి ఎదురుగా కూచుంటే ఆ యంత్రం చప్పుడొకటి వినిపిస్తే చాలదా, రేడియో ఉన్నదే చెవుల కోసం కదా అని మీకు తోచవచ్చు. తొందరపడకండి. యంత్రం స్టూడియోకి రావాలంటే కాంట్రాక్టు దాని పేరునే రాయాలి, సంతకం దానిచేతే పెట్టించాలి. అంతకన్నా ‘ఈ రంగంలోకి రావాలనుకునే యువతకు మీరిచ్చే సందేశం?’ అనడం తేలిక.

ఒప్పుకుంటాను, బాలాంత్రపు రజనీకాంతరావు, బుచ్చిబాబు, దాశరథి ఈ కొలువులో పనిచేసినవాళ్ళే. అడిగేవాడికీ సాహిత్యం తెలిసిన రోజులవి. కానీ స్పూలు టేపు ఖరీదైన సరుకు, చెరిపి మళ్ళీ వాడుకునేవారు. ఏ కవిగారో గొంతు సవరించుకుని, కాగితం పక్కన పెట్టేసి, నిజంగానే అప్పటికప్పుడు తోచింది చెప్పి ఉంటే, దాని మీద ఈపాటికి వరిలో అగ్గితెగులు నివారణ ఎక్కేసి ఉంటుంది. నష్టమేం లేదు, పైరు నిలబడింది.

ఇంకా రెండు నిమిషాలున్నాయి. కవిగారు ఏదో చెప్పబోతున్నట్టున్నారు గానీ అది స్క్రిప్టులో లేదు. కాసేపు వేణువు వినండి.