భాష ఒకటే, తాళం చెవి ఎవరి దగ్గర?

(తెనాలిలో ఒక ఇంటి వరండా. రాఘవయ్య విద్యుత్ సంస్థ మీటర్ల పరీక్ష విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. అన్నగారి కూతురు సంధ్య హైదరాబాద్‌లో మీటర్ల డేటా తెచ్చే సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ముందు గదిలోని షాపుకి ఈ మధ్యే స్మార్ట్ మీటర్ బిగించారు. వాదం అక్కడ మొదలైంది: మీటరూ, దాన్ని దూరం నుంచి చదివే సాఫ్ట్‌వేరూ ఒకే కంపెనీవి అయితే మేలా, ఎవరి మీటర్నైనా ఎవరి సాఫ్ట్‌వేరైనా చదవగలగాలా?)

రాఘవయ్య: అన్నీ ఒకడికే ఇవ్వాలమ్మా. మీటరు, మోడెమ్, ఆఫీసులో సర్వరు, అన్నీ. రీడింగ్ రాకపోతే ఎవణ్ణి అడగాలో తెలుస్తుంది. ముగ్గురికి పంచావనుకో, మీటరు వాడు మోడెమ్ తప్పంటాడు, మోడెమ్ వాడు సర్వర్ తప్పంటాడు. ఈలోగా జనానికి యావరేజ్ బిల్లులు వెళ్తాయి.

సంధ్య: ఆ ఒక్కడు రేపు తప్పుకుంటే, బాబాయ్? 2021లో కరెంటు పంపిణీని బాగుచేయడానికి కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకంలో 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. మీటర్లు పెట్టేదీ, ఏళ్ల తరబడి నడిపేదీ కాంట్రాక్టు సంస్థే. గడువు తీరాక మీటర్లు డిస్కం చేతికి, అంటే కరెంటు పంపిణీ సంస్థ చేతికొస్తాయి. వాటిని చదివే విద్య కూడా చేతికి రావాలి కదా.

రాఘవయ్య: విద్య రావడం అంత తేలికనుకోకు. పాత ఎలక్ట్రానిక్ మీటర్ల రోజుల్లో నేను హెచ్‌టీ సర్వీసులకి, అంటే ఫ్యాక్టరీల లాంటి పెద్ద కనెక్షన్లకి వెళ్తే, చేతిలో రీడింగ్ తీసే యంత్రం, దానికో కేబుల్. ఆఫీసుకొచ్చాక ఈ కంపెనీ మీటరుకి ఈ ప్రోగ్రాము, ఆ కంపెనీ మీటరుకి ఆ ప్రోగ్రాము. ఒకదాంట్లో తీసింది ఇంకోదాంట్లో తెరుచుకోదు. ఏ మీటరుకి ఏ ఫ్లాపీయో అట్టముక్క మీద రాసి టేబుల్‌కి అంటించుకున్నాను.

సంధ్య: ఆ బాధ పోవాలనే కదా మన దేశానికి ఐఎస్ 15959 ప్రమాణం వచ్చింది. మీటర్లతో మాట్లాడడానికి ఉన్న డీఎల్‌ఎంఎస్ అనే అంతర్జాతీయ పద్ధతి మీద కట్టారు. మొదటి భాగం 2011లో, స్మార్ట్ మీటర్లకి సంబంధించిన రెండో భాగం 2016లో. మీటరులో ప్రతి అంకెకీ ఒక చిరునామా ఉంటుంది. 1.0.1.8.0.255 అని అడిగితే, ఏ కంపెనీ మీటరైనా మొత్తం వాడిన కరెంటు చెప్పాల్సిందే.

రాఘవయ్య: చెబుతుంది. చెప్పింది నీ సాఫ్ట్‌వేర్‌కి అర్థమవ్వాలిగా! ఒక మిల్లు సర్వీసులో చూశాను. పెద్ద కరెంటుని మీటరు కొలవగలిగేంతకి తగ్గించే పరికరం ఉంటుంది, సీటీ అంటాం. దాని నిష్పత్తి 100/5, అంటే మీటరు లెక్కని 20తో గుణించాలి. కొన్ని మీటర్లు గుణించిన లెక్కే చూపిస్తాయి, కొన్ని గుణించకముందుది చూపిస్తాయి. పాత మీటరు మార్చి వేరే కంపెనీది పెట్టారు. బిల్లు చేసే కంప్యూటర్‌లో పాత పద్ధతే ఉండిపోయింది. గుణించిన దాన్నే మళ్లీ 20తో గుణించింది. ఆ మిల్లు యజమాని బిల్లు చేతిలో పట్టుకుని నా టేబుల్ ముందు నిలబడి మాట రాక చూశాడు. ఆ చూపు నేను మరచిపోలేదు. భాష కలవడం వేరు, లెక్క కలవడం వేరు.

సంధ్య: ఆ మాట ఒప్పుకుంటాను. నాకూ అలాంటిదే ఎదురైంది. (ల్యాప్‌టాప్ తిప్పి చూపిస్తూ) ఇది చూడండి. మీటరు ఇచ్చింది 12345678. ఇది యూనిట్లు కాదు, వాట్ అవర్లు. పక్కనే స్కేలర్ అని ఇంకో చిన్న అంకె ఇస్తుంది. అది సున్నా అయితే 12,345.678 యూనిట్లు. ఒకటి అయితే దానికి పదిరెట్లు. స్కేలర్ అడగకుండా, కిందటి కంపెనీ మీటర్లలో సున్నాయే కదా అని కోడ్‌లో రాసేస్తే అంతే సంగతులు. తప్పు ప్రమాణానిది కాదు బాబాయ్. ఒకే కంపెనీ మీటర్లు చూసి చూసి అలవాటుపడ్డ వాళ్లది. మీరు చెప్పే పద్ధతి ఆ అలవాటునే పెంచుతుంది.

రాఘవయ్య: (కాసేపు ఆగి) సరే, లెక్క సంగతి వదిలేద్దాం. మీటరు నుంచి అంకె నీ దాకా వచ్చే దారి ఎవడిది? ఇది చెప్పు.

(సంధ్య వెంటనే జవాబివ్వలేదు. ఆమె వాదంలో పల్చటి చోటు ఇదే.)

సంధ్య: దారి విషయంలో మీదే నిజం. సిమ్ ఉన్న మీటరైతే మొబైల్ నెట్‌వర్క్ మీద వస్తుంది, కొంత నయం. రేడియో మెష్ అయితే మీటరు నుంచి మీటరుకి అందుకుంటూ దగ్గర్లోని గేట్‌వేకి, అంటే రీడింగులన్నీ పోగుచేసి సర్వర్‌కి పంపే పెట్టెకి చేరుతుంది. ఆ అందించుకునే పద్ధతి చాలావరకు ఆ కంపెనీ సొంతం. ఐఎస్ 15959 మాట్లాడేది భాష గురించి. ఆ రేడియో సంగతి ఒక్కటిగా కుదర్చలేదు.

రాఘవయ్య: చూశావా! అందుకే ఒకడే అన్నాను.

సంధ్య: అందుకే ఒకడే కాకూడదంటాను. దారికి తోడు తాళాలు కూడా ఉన్నాయి. మీటరుతో మాట్లాడాలంటే పాస్‌వర్డూ, ఎన్‌క్రిప్షన్ కీలూ కావాలి. అవి ఉండాల్సిందే, లేకపోతే ఎవడుపడితే వాడు ఊరికి కరెంటు ఆపేయగలడు. కానీ తాళం చెవులు కాంట్రాక్టరు దగ్గర మాత్రమే ఉంటే, గోడ మీద ఉన్నది మన మీటరేనా? బ్రిటన్‌లో మొదటి తరం స్మార్ట్ మీటర్లకి ఇదే అయింది. అక్కడ కరెంటు కంపెనీని జనమే మార్చుకోవచ్చు. మార్చుకోగానే చాలామంది మీటర్లు మూగబోయాయి, కొత్త కంపెనీ సాఫ్ట్‌వేర్ వాటిని చదవలేకపోయింది. నా స్నేహితురాలు లండన్‌లో మళ్లీ కుర్చీ వేసుకుని, టార్చి పట్టుకుని రీడింగ్ పంపింది. తర్వాత ఆ మీటర్లన్నిటినీ దేశమంతటికీ ఉన్న ఒకే కమ్యూనికేషన్ సంస్థ కిందకి తేవడానికి ఏళ్లు పట్టింది.

రాఘవయ్య: మీటరు బాగానే ఉండి మూగబోయిందా?

సంధ్య: బాగానే తిరిగింది. చదివేవాడే లేడు.

రాఘవయ్య: నాకు జనం బాధ ముఖ్యం అమ్మాయ్, కంపెనీలు కాదు. ప్రీపెయిడ్‌లో రీడింగ్ ఆలస్యమైతే బ్యాలెన్స్ తప్పుగా కనిపిస్తుంది. రీచార్జ్ చేసినా కరెంటు రాకపోతే ఇంట్లో ఒంటరి ముసలమ్మ ఎవరి దగ్గరికి వెళ్తుంది? ఆ జవాబు లేకుండా నాలుగు కంపెనీలని కలిపితే నేను ఒప్పుకోను.

సంధ్య: జవాబుదారీ ఒకరే ఉండనివ్వండి, కాదనను. తాళాలు మాత్రం డిస్కం దగ్గర ఉండాలి. టెండర్ ఖరారు చేసేముందు పరీక్ష పెట్టాలి: మీ మీటర్ని ఇంకొకరి సాఫ్ట్‌వేర్‌తో, మా ఎదుట, ఇప్పుడే చదివించండి. స్కేలర్, గడియారం, అరగంట అరగంట లెక్కలు, కరెంటు తీసి ఇవ్వడం, అన్నీ. కాగితం మీద సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు.

రాఘవయ్య: ఆ పరీక్ష నా బెంచి మీద పెట్టమంటాను. పక్కన ప్రామాణిక మీటరు ఉంచి. సర్వరులో కనపడిన అంకె, బెంచి మీద కనపడిన అంకె, రెండూ ఒకే కాగితం మీద.

సంధ్య: అలాగే. 2023లో మార్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం స్మార్ట్ మీటర్ని రోజుకి ఒక్కసారైనా దూరం నుంచి చదవాలి, ఆ లెక్క వినియోగదారుడికి కనపడాలి. షాపువాళ్ల యాప్‌లో ఉందేమో చూద్దామా?

(రాఘవయ్య కళ్లజోడు సవరించుకుని మీటరు బటన్ నొక్కారు. తెర మీద తేదీ వెళ్లింది, టైము వెళ్లింది, తర్వాత యూనిట్లు వచ్చాయి. ఆయన 4812 అని పైకి చదివారు. సంధ్య షాపు అబ్బాయి ఫోన్ అందుకుని, రాత్రి పన్నెండుకి 4806 అంది. ఆయన గోడ మీద క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రెండు అంకెలూ పక్కపక్కనే రాశారు.)

రాఘవయ్య: రేపు పొద్దున మళ్లీ చూద్దాం. నెల రోజులు రాస్తాను.