సర్టిఫికెట్ కొనుక్కునే కాగితం కాదు

ఫుడ్ యూనిట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "ఐఎస్ఓ 22000, హాసప్ అన్నీ డబ్బు పడేస్తే వచ్చే కాగితాలు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ ఉంటే చాలు, చిన్న యూనిట్లకి ఇవి దండగ." గుంటూరులో ఒక కారం యూనిట్లో క్వాలిటీ చూస్తాను, ఇది చదివి ఊరుకోలేకపోయాను. తెలియనివాళ్లకి: ఐఎస్ఓ 22000 ఆహార భద్రతకి అంతర్జాతీయ ప్రమాణం, హాసప్ ఆహారంలో ప్రమాదాల్ని ముందే పసిగట్టి అడ్డుకునే పద్ధతి, ఎఫ్ఎస్ఎస్ఏఐ మన దేశపు ఆహార భద్రత సంస్థ.

డబ్బుకి దొరికే కాగితాలు ఉన్న మాట నిజమే. కానీ ఐఎస్ఓ అనే సంస్థ అసలు ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ప్రమాణం రాస్తుందంతే. ఆడిట్ చేసి ఇచ్చేవి వేరే సంస్థలు, వాటికి అక్రెడిటేషన్ (ఆడిట్ చేసే అర్హత ఉందన్న అధికారిక గుర్తింపు) ఉందో లేదో మనమే చూసుకోవాలి. ఫ్యాక్టరీ గడప తొక్కకుండా ఇచ్చేస్తామన్నారంటే అక్కడే అనుమానించండి.

ఎఫ్ఎస్ఎస్ఏఐ చాలా? మన దేశంలో అమ్మడానికి చట్టం అడిగేది అది. యూరప్ సూపర్‌మార్కెట్లకి సరుకు పెట్టాలంటే ఎఫ్ఎస్ఎస్‌సీ 22000 లేదా బీఆర్‌సీ లాంటి ఆహార భద్రత సర్టిఫికెట్లు అడుగుతారు, ఒట్టి ఐఎస్ఓ 22000 చాలాచోట్ల సరిపోదు. 2003లో మన దేశపు కారంలో తిండిలో వాడకూడని సుడాన్ 1 రంగు బయటపడ్డాక యూరప్ ప్రతి కన్‌సైన్‌మెంట్‌కీ టెస్ట్ రిపోర్ట్ తప్పనిసరి చేసింది. కల్తీ చేసింది కొందరు, మోసింది అందరూ.

ఇక దండగ అన్న మాట, నాకు కోపం వచ్చేది దీనికే. మిరపలో బూజు వల్ల వచ్చే విషం అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటితే యూరప్ తీసుకోదు. కల్లంలో మంచుకి తడిసి బూజు పట్టిన తాలు కాయ నాలుగు టిక్కీల్లో (మిరప బస్తాల్లో) కలిసిపోయినా ఆ లాటు మొత్తం పోవచ్చు, అందుకే మా గేటు దగ్గర తేమ మీటరు పెట్టి చూశాకే, లాటు నంబరు రాశాకే టిక్కీ లోపలికొస్తుంది. మెటల్ డిటెక్టర్‌లోంచి గంటగంటకీ టెస్ట్ ముక్కలు పంపి, మోగిందో లేదో రిజిస్టర్లో రాస్తాం. ఒకరోజు పదకొండింటికి స్టీల్ ముక్కకి అది మోగలేదు. పదింటి నుంచి కట్టిన ప్యాకెట్లన్నీ వెనక్కి తెప్పించి, మిషన్ సరిచేయించి, మళ్లీ ఒక్కొక్కటే దానిలోంచి పంపాం, సాయంత్రమైంది. ఆ రిజిస్టరు లేకపోతే ఏ ప్యాకెట్లు పక్కన పెట్టాలో కూడా తెలిసేది కాదు.

ఆడిట్ ఫీజు చిన్నవాళ్లకి భారమే, కాదనను. ఎగుమతి ఆలోచన లేకపోతే ఇప్పుడే సర్టిఫికెట్ కోసం పరిగెత్తక్కర్లేదు, ముందు హాసప్ పద్ధతి మొదలుపెట్టండి: ప్రమాదం ఎక్కడ రావచ్చో రాసుకోవడం, అక్కడ రోజూ చూడటం, చూసింది రాయడం.

పోయినేడు ఆడిటర్ గోడౌన్లోంచి ఒక ప్యాకెట్ తీసి ఇది ఏ రైతు సరుకని అడిగారు. గంటన్నరలో చూపించాం. రెండేళ్ల ముందైతే ఎన్ని రోజులు వెతికినా చూపించలేకపోయేవాళ్లం.