ప్రసంగంలో కర్త ఎవరు?

పదహారో శతాబ్దపు జర్మన్ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ అనగానే 1517 అక్టోబరు 31, విట్టెన్‌బర్గ్, పాపక్షమాపణ పత్రాలపై ఆయన లేవనెత్తిన 95 వాదాలు గుర్తొస్తాయి. ఆ పత్రాల అమ్మకం ఎప్పుడో ఆగిపోయింది. నేటి సంఘానికి లూథర్ అక్కరకొచ్చేది అక్కడ కాదు. ధర్మశాస్త్రాన్నీ సువార్తనూ కలగాపులగం చేయకుండా బోధించాలని ఆయన పట్టుబట్టాడు చూడండి, అక్కడ.

ధర్మశాస్త్రమంటే పాత నిబంధన, సువార్తంటే కొత్త నిబంధన అని చాలామంది అనుకుంటారు. లూథర్ గీసిన గీత అది కాదు. దేవుడు మనల్ని అడిగేది ఏ పుస్తకంలో ఉన్నా ధర్మశాస్త్రమే. క్రీస్తునుబట్టి మనకు ఉచితంగా ఇచ్చేది ఎక్కడున్నా సువార్తే. కొత్త నిబంధనలోని కొండమీది ప్రసంగంలో కఠినమైన ధర్మశాస్త్రం ఉంది. పాత నిబంధనలోని యెషయా 53లో నిండైన సువార్త ఉంది.

రెండూ ఒకేచోట స్పష్టంగా కనిపించేది రెండవ సమూయేలు 12లో. ఊరియా భార్యను తీసుకుని అతణ్ని చంపించిన రాజు దావీదుకు నాతాను ప్రవక్త ఒక అన్యాయస్థుడి కథ చెప్పి, "ఆ మనుష్యుడవు నీవే" అంటాడు. అది ధర్మశాస్త్రం, తప్పించుకునే సందు లేదు. "నేను పాపముచేసితిని" అని దావీదు ఒప్పుకోగానే, యెహోవా నీ పాపాన్ని పరిహరించాడని అదే నాతాను చెబుతాడు. "ఇకమీదట సరిగ్గా ఉంటే" అన్న షరతు మధ్యలో లేదు. పాపఫలితాలు దావీదు ఇంటిని వదల్లేదన్నది నిజమే, కానీ క్షమాపణను వాటికి ముడిపెట్టలేదు.

మన ప్రసంగాలు తడబడేది సరిగ్గా ఇక్కడే. "దేవుడు క్షమిస్తాడు, నువ్వు నిజంగా మారితే" అంటారు. ఆ "నిజంగా" అన్నమాటకు కొలత ఏది? 1505లో ఎర్ఫర్ట్ మఠంలో చేరిన లూథర్‌ను ఏళ్ల తరబడి నలిపేసింది ఈ ప్రశ్నే. ఎన్నిసార్లు పాపం ఒప్పుకున్నా, ఒప్పుకున్నది చాలిందన్న నెమ్మది ఆయనకు దొరకలేదు. ఇవాళ మంచంపట్టిన రోగితో "నీ విశ్వాసం చాలలేదు, అందుకే స్వస్థత రాలేదు" అనడం అదే గొయ్యిని మళ్లీ తవ్వడం. విశ్వాసం ఇచ్చింది పుచ్చుకునే ఖాళీ చెయ్యి. దాన్ని తూకమేస్తే అది కూడా రక్షణ సంపాదించుకునే మరో క్రియ అయిపోతుంది. దీవెన కనిపించినచోటే దేవుడున్నాడనే బోధను 1518లో హైడెల్‌బర్గ్‌లో లూథర్ మహిమ వేదాంతం అన్నాడు. ఆయన దృష్టిలో దేవుణ్ని వెతకాల్సింది సిలువలో, శ్రమలో.

బోధకులు ఒక పని చేసి చూడాలి. రాసుకున్న ప్రసంగం తీసుకుని ప్రతి క్రియాపదం కిందా గీత గీయండి, కర్త ఎవరో పక్కన రాయండి. భరించాడు, విమోచించాడు, క్షమించాడు: ఇక్కడ కర్త క్రీస్తు. ప్రార్థించు, ఇవ్వు, మానుకో: ఇక్కడ కర్త వినేవాడు. ఏవి ఎన్ని అన్నది ముఖ్యం కాదు, ఏది చివర నిలిచిందన్నదే ముఖ్యం. క్షమాపణ ప్రకటించాక "కానీ" అని మళ్లీ మొదలుపెడితే, విన్నవాడు ఇంటికి మోసుకెళ్లేది ఆ "కానీ"నే.

అలాగని ధర్మశాస్త్రాన్ని పక్కన పెట్టేయమని కాదు. 1537లో ఆయన సహచరుడు యోహాన్ అగ్రికోలా దాదాపు ఆ వాదనే చేస్తే లూథర్ గట్టిగా ఎదిరించాడు. కూలివాడి జీతం ఎగ్గొట్టి నిశ్చింతగా కూర్చున్నవాడికి ముందుగా కావలసింది ఓదార్పు కాదు, నాతాను వేలు. నలిగినవాడికి సువార్త, మొండికేసినవాడికి ధర్మశాస్త్రం. చిక్కేమిటంటే ఆ ఇద్దరూ తరచుగా ఒకే మనిషిలో ఉంటారు. విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అని లూథర్ అన్నది అందుకే.

మరి సత్క్రియల సంగతి? క్రైస్తవుడు ఎవరికీ లోబడని స్వతంత్రుడు, అందరికీ లోబడే సేవకుడు అని 1520లోనే రాశాడాయన. రక్షణ సంపాదించుకునే పని లేదు కనుకే చేతులు పొరుగువాడి కోసం ఖాళీగా ఉంటాయి.

నీతిమంతులుగా తీర్చబడుట, అంటే దేవుడు పాపిని నీతిమంతుడిగా అంగీకరించడం గురించి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోమన్ కథోలిక సంఘం ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. పెద్ద అడుగే. కానీ కాగితం మీది ఒప్పందం ఆదివారపు ప్రసంగాన్ని దానంతటదే సరిచేయదు.

తమకు అర్హత లేదని ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచే ఆరాధనకు దూరంగా కూర్చుండిపోయే విశ్వాసులు ఇప్పటికీ ఉన్నారు. విశ్వాస పాఠాలను ప్రశ్న జవాబులుగా చెప్పే 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో లూథర్ వాళ్లకు సూటిగా జవాబిచ్చాడు: ఉపవాసం, శరీర సిద్ధపాటు మంచి క్రమశిక్షణే, నిజంగా యోగ్యుడు మాత్రం ఆ బల్ల దగ్గర క్రీస్తు పలికిన "మీకొరకు" అన్న మాటను నమ్మినవాడు.