చెయ్యి లేవకపోతే నీరసం అనుకోవద్దు

ఏకాదశి మధ్యాహ్నం. బెంగళూరు మారతహళ్లిలో మా పెద్దమ్మ చేతిలోంచి స్టీలు గ్లాసు జారిపోయింది. తీసుకుందామంటే కుడి చెయ్యి లేవలేదు. మాట ముద్దగా వస్తోంది. "ఉపవాసం కదా, నీరసం. కాసేపు పడుకో" అన్నారు ఇంట్లో. పక్క ఫ్లాటు ఆవిడ గ్లూకోమీటర్ తెచ్చి వేలికి గుచ్చితే షుగర్ 42 చూపించింది. మింగగలుగుతోంది కాబట్టి పంచదార నీళ్లు తాగించారు. పావుగంటకి చెయ్యి కదిలింది.

షుగర్ 70 కన్నా దిగితే తక్కువ కిందే లెక్క. మరీ పడిపోతే ఒక్కోసారి అచ్చం పక్షవాతంలాగే ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పుతాయి. అది నిజంగా పక్షవాతమే కావచ్చు కూడా. షుగర్ ఉన్నవాళ్లకి ఆ ముప్పు ఎక్కువ. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే పడాలి. అందుకే ఒకరు వేలికి గుచ్చుతుంటే ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేకపోయినా, మింగలేకపోయినా నోట్లో ఏమీ పొయ్యకూడదు.

నన్ను బాధపెట్టేది బిళ్ల సంగతి. పెద్దమ్మ అనంతపురం నుంచి మూడు నెలల మందులు సంచిలో తెచ్చుకుంది. ఇంట్లో అందరికీ అది "షుగర్ బిళ్ల", అంతే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ ఇంతలా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ లాంటివి అలా కాదు, మనం తిన్నా తినకపోయినా షుగర్‌ని దించే ఇన్సులిన్ ఒంట్లో ఊరేలా చేస్తాయి. రెండూ కలిపిన బిళ్లలు మన దగ్గర మామూలు. కిడ్నీలు సరిగా పనిచెయ్యని పెద్దవాళ్లని గ్లిమిపిరైడ్ లాంటి మందు గంటల తరబడి వదలదు. చెయ్యి లేచిందని ఇంట్లోనే ఉండిపోతే షుగర్ మళ్లీ పడిపోవచ్చు.

ఊళ్లో రాత్రి ఏడింటికల్లా అన్నం తినేసేది. ఇక్కడ కొడుకూ కోడలూ ట్రాఫిక్ దాటుకుని వచ్చేదాకా, పదైనా సరే, తినదు. బిళ్ల మాత్రం పాత టైముకే. ఊరి భోజనానికి రాసిన డోసు బెంగళూరు భోజనానికి సరిపోతుందా అని ఎవరూ చూడలేదు. ఇది పిల్లల నిర్లక్ష్యం అని నేను అనలేను. "ఇది షుగర్‌ని బాగా దించే మందు, తినకుండా వేసుకోవద్దు" అని చీటీ రాసినవాళ్లు, మందు అమ్మినవాళ్లు ఆవిడకి తెలుగులో ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది.

ఆస్పత్రిలో డోసు తగ్గించారు. భయపడి మొత్తం మానెయ్యొద్దని గట్టిగా చెప్పారు. వచ్చే ఏకాదశికి బిళ్ల ఏం చెయ్యాలో కూడా అడిగి రాయించుకున్నాం. పదేళ్లుగా ఉపవాసం ఉంటోంది. ఉంటావా అని అప్పటిదాకా ఏ డాక్టరూ అడగలేదట.